ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి టైర్లు, చక్రాలు: సీమ ఎండకూ సీమ రాళ్లకూ ఏవి ఆగుతాయి?

శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే ఎన్‌హెచ్ 44 మీద శ్రీనగర్ కొసన జనవరిలో మంచు పేరుకుంటుంది. అదే రోడ్డు కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం దాటేచోట మే నెలలో తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటుంది. ఖరీదైన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి టైర్లు మార్చాలని వెతికేవాళ్లకు ముందు కనబడేవన్నీ ఆ చలి కొసకు పనికొచ్చే సలహాలే. వింటర్ టైర్లు కొనండి, వాటికి విడిగా ఒక చక్రాల సెట్టు పెట్టుకోండి అంటారు. టొరంటోలో ఉన్న కొడుకు ఫోన్ చేసినా అదే మాట చెబుతాడు.

ఆ సలహాలో సగం మనకూ అక్కరకొస్తుంది. చలిదేశాలవాళ్లు వింటర్ సెట్టు తీసుకునేటప్పుడు చక్రం ఒక సైజు తగ్గించి, టైరు గోడ (రిమ్ముకూ నేలకూ మధ్య పక్కనుంచి కనబడే రబ్బరు) ఎత్తు పెంచుకుంటారు. మంచు కింద దాగిన గుంతలో పడినా రిమ్ము వంగకూడదని వాళ్ల లెక్క. మన గుంతలు దాగి ఉండవు గానీ లెక్క మాత్రం అదే. రెండో సగం రబ్బరు సంగతి. దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే డబ్బుతో పాటు బ్రేకు పట్టు కూడా పోతుంది.

ముందు ఏం చూడాలి?

షాపులో మొదట అడిగే ప్రశ్న "ఏ కంపెనీ?" అని. నిజానికి అది చివర అడగాల్సింది. ఈ ప్రాంతానికి వరుస ఇలా ఉండాలి: టైరు ఎంత బరువు మోస్తుంది, గోడ ఎంత ఎత్తు, 43, 44 డిగ్రీల ఎండలో గంటల తరబడి పరిగెత్తితే ఏమవుతుంది, పంక్చరైతే ఇంటికి ఎలా చేరతాం, అదే సైజు రెండోసారి దొరుకుతుందా. రేంజ్ (ఒక చార్జింగ్‌తో పోయే దూరం), చప్పుడు, కంపెనీ పేరు వీటి తరవాతే.

బరువు: టైరు మీద రాసి ఉన్న రెండంకెలో మూడంకెలో

పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఖాళీగానే రెండున్నర టన్నులు తూగుతుంది. బీఎండబ్ల్యూ ఐఎక్స్ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, మెర్సిడెస్ ఈక్యూఎస్ ఎస్‌యూవీ ఇంకా ఎక్కువ. ఐదుగురు ఎక్కి, పెళ్లి సామాను వెనక సర్దితే మూడు టన్నులు దాటుతుంది. ఈ బరువంతా నాలుగు అరచేతులంత జాగా మీదే ఆనుతుంది.

టైరు సైజు పక్కన 101వై, 105వై లాంటి అంకె ఉంటుంది. అంకె బరువుకు, అక్షరం వేగానికి గుర్తు. ఒక్కో టైరు మోయగలిగింది ఇంత:

| లోడ్ అంకె | ఒక టైరు మోసే బరువు |
|---|---|
| 99 | 775 కిలోలు |
| 101 | 825 కిలోలు |
| 103 | 875 కిలోలు |
| 105 | 925 కిలోలు |
| 107 | 975 కిలోలు |
| 109 | 1,030 కిలోలు |

235/55 ఆర్ 19 (వెడల్పు 235 మి.మీ., గోడ ఎత్తు అందులో 55 శాతం, చక్రం 19 అంగుళాలు) అనే ఒక్క సైజులోనే 101 అంకె ఉన్నది ఒకటి, 105 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువుకు గట్టిగా కట్టినది) అని ఉన్నది ఒకటి దొరుకుతాయి. చూపుకు రెండూ ఒకటే. తేడా టైరుకు 100 కిలోలు, నాలుగింటికి 400. "సైజు అదే కదా సార్" అని 101 బిగించేస్తే వారం రోజుల్లో ఏమీ కాదు. రెండో ఎండాకాలంలో, నిండు కారుతో, గాలి కాస్త తగ్గిన ఒక మధ్యాహ్నం తెలుస్తుంది. గోడ లోపలి దారాలు వేడెక్కి, పొరలు విడిపోయి, బుడగ లేచి పేలుతుంది.

డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్, ప్లేటు ఉంటాయి. వెనక ఇరుసుకు గరిష్ఠ బరువు ఎంతో ప్లేటులో చూడండి. దాన్ని రెండుతో భాగిస్తే ఒక టైరు మీద పడే బరువు వస్తుంది. 1,700 కిలోలుంటే టైరుకు 850. అంటే 101 చాలదు, 102 అంచున ఉంటుంది, 105 అయితే ఊపిరి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన అంకెకు తక్కువది ఏ కారణం చేతా వద్దు. ఎక్స్‌ఎల్ కంటే గట్టిదని హెచ్‌ఎల్ అనే గుర్తు ఈమధ్య వస్తోంది. కారుకు హెచ్‌ఎల్ ఇచ్చి ఉంటే ఎక్స్‌ఎల్‌కు దిగకూడదు.

వేగం అక్షరం సంగతి మన దగ్గర అంత పెద్దది కాదు. హెచ్ అంటే గంటకు 210 కి.మీ., వి అంటే 240, వై అంటే 300. రోడ్డు మీద ఇవేవీ అక్కరలేదు. అయినా కంపెనీ చెప్పిన అక్షరం తగ్గించకండి. ఆ అక్షరం వెనక వేడిని ఓర్చుకునే కట్టుబడి కూడా ఉంటుంది, పైగా క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్‌వాళ్లకు ఒక సాకు తగ్గుతుంది.

చక్రం సైజు: అంగుళం చూడకండి, గోడ చూడండి

షోరూమ్‌లో 22 అంగుళాల చక్రం మీద నిలబడ్డ బండి అందంగా ఉంటుంది. కాదనలేం. కానీ చక్రం పెరిగిన మేరకు రబ్బరు గోడ తగ్గుతుంది, ఎందుకంటే బయటి చుట్టుకొలత దాదాపు మారకూడదు. గోడ ఎత్తు కట్టడం తేలిక: మొదటి అంకెను రెండో అంకె శాతంతో గుణిస్తే చాలు.

| తరగతి | టైరు సైజు | గోడ ఎత్తు |
|---|---|---|
| హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 లాంటివి | 235/55 ఆర్ 19 | 129 మి.మీ. |
| అదే తరగతి | 255/45 ఆర్ 20 | 115 మి.మీ. |
| ఐఎక్స్ లాంటి పెద్దవి | 235/60 ఆర్ 20 | 141 మి.మీ. |
| అదే తరగతి | 255/50 ఆర్ 21 | 128 మి.మీ. |
| అదే తరగతి | 275/40 ఆర్ 22 | 110 మి.మీ. |

చిన్న తరగతి బండి 20 అంగుళాల గోడ కంటే పెద్ద బండి 21 అంగుళాల గోడే ఎత్తు. కాబట్టి అంగుళాలు చూసి భయపడనూ వద్దు, మురవనూ వద్దు. కర్నూలు, అనంతపురం, కడప రోడ్లకు 125 మి.మీ. పైన ఉంటే నిశ్చింత. 115 అయితే చూసి నడపాలి. 110 అనేది బెంగళూరు అపార్ట్‌మెంట్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా తిరిగే బండికి సరిపోతుంది. జమ్మలమడుగు నల్లరేగడిలో తిరిగే బండికి కాదు.

నల్లరేగడి పేరెత్తడానికి కారణముంది. ఆదోని, నంద్యాల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. దాని మీద వేసిన తారు ఏటా అలలుగా లేస్తుంది, అంచులు విరుగుతాయి. ఎదురు లారీకి తప్పుకుని అంచు దిగినప్పుడు విరిగిన తారు కొస సరిగ్గా టైరు గోడకే తగులుతుంది. గోడ పొట్టిదైతే రిమ్ముకూ రాయికీ మధ్య రబ్బరు నలిగి దారాలు తెగుతాయి. రెండు రోజుల తరవాత కోడిగుడ్డంత బుడగ కనబడుతుంది. దానికి ప్యాచ్ లేదు, టైరు మార్చడమే.

బేతంచర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల దారుల్లో ఇంకో చిక్కు. బండల లారీలూ సిమెంటు లారీలూ తిరిగే చోట రోడ్డు వారన పదునైన రాతి చెక్కలు పడి ఉంటాయి. నాపరాయి చెక్క అంచు కత్తిలా ఉంటుంది. ఎత్తు గోడ దీన్ని పూర్తిగా ఆపలేదు గానీ, వంగి తప్పుకునే వీలుంటుంది.

రేంజ్ కూడా చిన్న చక్రం వైపే మొగ్గుతుంది. అదే కారు, అదే బ్యాటరీ, చక్రం ఒకటి రెండు అంగుళాలు పెరిగి వెడల్పు కూడా పెరిగితే ఐదు శాతం చుట్టూ రేంజ్ పోవడం మామూలు. అనంతపురం నుంచి బెంగళూరుకు సుమారు 215 కి.మీ., కర్నూలు నుంచి హైదరాబాద్‌కూ అంతే. వెళ్లడం వరకు ఏ చక్రమైనా ఒకటే. రానూపోనూ ఒక చార్జింగ్‌తో లాగాలనుకునేవాళ్లకు ఆ ఐదు శాతమే 20 కి.మీ. అవుతుంది, దారిలో ఆగాలా వద్దా అన్నది అదే తేలుస్తుంది.

ఎంత తగ్గించొచ్చు? బ్రేకు డిస్కు, దాన్ని నొక్కిపట్టే క్యాలిపర్ లోపల పట్టేంత వరకే. మీ మోడల్‌కు కంపెనీ ఆమోదించిన అతి చిన్న సైజు యజమాని పుస్తకంలో ఉంటుంది. అక్కడే ఆగండి. పుస్తకంలో లేని సైజు చవగ్గా వచ్చినా వద్దు.

రబ్బరు: ఏ రకం ఎవరికి

| రకం | ఎండలో | వానలో | అరుగుదల | చప్పుడు, రేంజ్ |
|---|---|---|---|---|
| కారుతో వచ్చిన, కారు కంపెనీ గుర్తున్న ఈవీ టైరు | బాగుంటుంది | బాగుంటుంది | మధ్యస్థం | అన్నిటికంటే మెరుగు |
| సాధారణ టూరింగ్ (రోజువారీ, దూరప్రయాణాల) టైరు, ఎక్స్‌ఎల్ | బాగుంటుంది | బాగుంటుంది | మెరుగు | కొంచెం తగ్గుతుంది |
| స్పోర్ట్ టైరు | పట్టు ఎక్కువ | అరగనంత వరకు బాగు | త్వరగా | రేంజ్ తగ్గుతుంది |
| ఏ/టి (మట్టిదారి) టైరు | గట్టిది, వేడెక్కుతుంది | మధ్యస్థం | రకాన్ని బట్టి | రెండూ నష్టమే |
| మంచు గుర్తున్న ఆల్‌సీజన్ | మెత్తబడుతుంది | బాగుంటుంది | త్వరగా | మధ్యస్థం |
| వింటర్ టైరు | వద్దు | వద్దు | చాలా త్వరగా | లెక్కలోకి రాదు |

వింటర్ టైరు ఎందుకు వద్దో రెండు ముక్కల్లో. ఆ రబ్బరును 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు కూడా మెత్తగా ఉండేలా కలుపుతారు. పైన గీతల మధ్య సన్నని కోతలు వందలు ఉంటాయి. మన డిసెంబరు తెల్లవారుజామునే అంత చలి ఉండదు. మేలో అరవై డిగ్రీలకు కాగిన తారు మీద ఆ మెత్తని దిమ్మెలు బ్రేకు వేసినప్పుడు పక్కకు వంగుతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. రెండున్నర టన్నుల బండి కింద అవి పెన్సిల్ రబ్బరులా అరుగుతాయి. మూడు శిఖరాల కొండ మీద మంచు పువ్వు బొమ్మ టైరు గోడ మీద ఉంటే అది మంచుకు పరీక్షించిన టైరు. కేవలం ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో) అని ఉంటే తయారీదారు తనంతట తాను రాసుకున్నది. దాన్ని చూసి అనుమానపడక్కర్లేదు.

కుటుంబంతో కశ్మీర్‌కు బండి మీదే వెళ్లాలనుకునేవాళ్లుంటారు. ఆ పది రోజుల కోసం ఏడాదంతా మెత్తటి రబ్బరు మోయకండి. మంచు పడ్డ కొండదారిలో టైర్లకు మంచు గొలుసులున్న అక్కడి బండ్లు కిరాయికి తీసుకోవడం నయం. సొంత బండికే గొలుసులు కట్టాలంటే, ఏ చక్రం సైజుకు, ఏ ఇరుసుకు కట్టొచ్చో పుస్తకం చెబుతుంది. పెద్ద చక్రాలకు చాలా కార్లలో అసలు కట్టకూడదు.

ఇక అసలు పోటీ పట్టికలోని మొదటి రెండింటి మధ్యే. కారు తయారీదారు కోసం చేసిన టైరు మీద చిన్న గుర్తు ఉంటుంది: బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడీకి ఏఓ. చాలావాటి లోపల చప్పుడు తగ్గించే స్పాంజి పొర అంటించి ఉంటుంది. ఇంజను మోత లేని బండిలో టైరు మోతే వినిపిస్తుంది కాబట్టి స్పాంజి తేడా చెవికి తెలుస్తుంది, ముఖ్యంగా సిమెంటు రోడ్డు మీద. చిక్కల్లా అది దొరకడం. 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. 21, 22 అంగుళాల్లో గుర్తున్న టైరు కడపలోనో కర్నూలులోనో షాపు అరలో ఉండదు. బెంగళూరు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి, వారాలు పట్టొచ్చు. అదే 19 అంగుళాల ఎక్స్‌ఎల్ టూరింగ్ టైరైతే నాలుగైదు కంపెనీలవి దొరుకుతాయి, 21తో పోలిస్తే ధర కూడా చాలా తక్కువ.

ఈవీ టైరు లేకపోతే బండి పాడవుతుందన్న భయం వద్దు. లోడ్ అంకె, వేగం అక్షరం సరిపోతే టూరింగ్ టైరు నిక్షేపంగా నడుస్తుంది. పోయేది కొంత నిశ్శబ్దం, కొంత రేంజ్. నాలుగూ ఒకే రకం వేయాలి. నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందే బండిలో ముందు కొత్తవి, వెనక గుండువి పెడితే తిరిగే లెక్క తేడా వచ్చి ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా చూసే ఏర్పాటు) తికమకపడుతుంది.

ఏ/టి టైరు మీద తోటలున్నవాళ్లకు మోజు ఎక్కువ. చీనీ (బత్తాయి) తోటకు పోయే మట్టిదారికి 129 మి.మీ. గోడ ఉన్న రోడ్డు టైరే చాలు. ఏ/టి వేస్తే గువ్వలచెరువు ఘాట్ వంపుల్లో ఈ బరువు బండి ఊగుతుంది. పాలకోవాకు ఆగినప్పుడు వెనక సీటువాళ్ల మొహాలు చూస్తే తెలుస్తుంది.

పంక్చర్: స్టెప్నీ లేని బండి

చాలా ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల్లో స్టెప్నీ ఉండదు. ఒక డబ్బాలో జిగురు ద్రవం, చిన్న కంప్రెసర్ ఇస్తారు. కంప ముల్లుకు ఆ జిగురు పనిచేస్తుంది. ముల్లు విరిగి లోపలే ఉండి గాలి మెల్లగా పోతుంది కాబట్టి మీటరు హెచ్చరిక వచ్చాక కూడా కాస్త దూరం వెళ్లొచ్చు. నేలకు ఆనే భాగంలో ఆరు మిల్లీమీటర్లలోపు రంధ్రం దాకా జిగురుకు నమ్మకం. రాతి చెక్క గోడను కోస్తే ఆ డబ్బా దండగ.

రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయాక కూడా 80 కి.మీ. వేగంతో 80 కి.మీ. దాకా పోతుంది. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి గుత్తి ఆ లెక్కలో పడతాయి. కానీ గోడ గట్టిది కాబట్టి గుంతల దెబ్బ వెన్నుకు తెలుస్తుంది, అలా నడిపిన టైరును తరవాత మార్చేయాల్సిందే. లోపల జిగురు పొర ఉన్న సెల్ఫ్‌సీల్ టైరు ముళ్లకూ మేకులకూ చక్కగా సరిపోతుంది, కుదుపూ పెరగదు. గోడ కోతకు మాత్రం అదీ చేతులెత్తేస్తుంది.

ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం అడవిదారిలో తరచూ తిరిగేవాళ్లు, తాడిపత్రి వైపు క్వారీలున్నవాళ్లు ఒక పూర్తి సైజు చక్రం డిక్కీలో వేసుకోవడమే మంచిది. సామాను జాగా పోతుంది, 30 కిలోల చుట్టూ బరువు పెరుగుతుంది. అయినా నల్లమలలో ఫోన్ సిగ్నల్ లేనిచోట లారీ కోసం చూడటం కంటే నయం. ఎలక్ట్రిక్ బండిని చక్రాలు నేల మీద దొర్లుతుండగా తాడు కట్టి లాగకూడదు. మోటారు తిరిగి కరెంటు పుడుతుంది, పాడవుతుంది. పళ్లెం లారీ (ఫ్లాట్‌బెడ్) మీదే ఎక్కించాలి.

చక్రం లోహం

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. మామూలు పోత అల్లాయ్ దెబ్బకు పగులుతుంది లేదా వంగుతుంది, ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి చేసినది) వంగినా పగలడం తక్కువ, ధర చాలా ఎక్కువ. అసలు చూడాల్సింది చక్రం లోపలి వైపు పోతలో రాసి ఉన్న బరువు. బయట అమ్మే చాలా చక్రాల మీద 690 కిలోలు అని ఉంటుంది. మామూలు కార్లకు అది సరే. ఒక టైరు మీద 850 పడే బండికి అది ప్రమాదం. బోల్టు రంధ్రాలు సరిపోయినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు. మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత) కూడా కలవాలి. తళతళలాడే డైమండ్ కట్ ముఖం ఒకసారి గీసుకుంటే మామూలు పెయింటుతో దాచలేరు. సాదా పెయింటు చక్రం ఇక్కడి రోడ్లకు సుఖం.

ఎవరికి ఏది

వారానికోసారి బెంగళూరుకో హైదరాబాద్‌కో పోయే డాక్టర్లు, వ్యాపారులు: ఆమోదిత సైజుల్లో రెండో చిన్నది, గుర్తున్న ఈవీ టైరు, దొరికితే సెల్ఫ్‌సీల్. చప్పుడు తక్కువ, రేంజ్ దక్కుతుంది.

పల్లెలూ తోటలూ క్వారీలూ తిరిగేవాళ్లు: ఆమోదిత అతి చిన్న చక్రం, సాదా పెయింటు, ఎక్స్‌ఎల్ టూరింగ్ టైరు, డిక్కీలో ఐదోది. రన్‌ఫ్లాట్ వద్దు.

ఊళ్లోనే తిరుగుతూ అందం వదులుకోలేనివాళ్లు: ఉన్న 21 అంగుళాలే ఉంచుకోండి, గాలి మాత్రం పదిహేను రోజులకోసారి చూసుకోండి. 22 అయితే కనీసం ఒక టైరు ముందే కొని పెట్టుకోండి.

ముందూ వెనకా వేర్వేరు వెడల్పులున్న బండి అయితే టైర్లు ముందుకూ వెనక్కూ మార్చుకోలేరు. మోటారున్న ఇరుసు టైర్లు త్వరగా అరుగుతాయి, వెనక రెండింటి ఖర్చు విడిగా లెక్కేసుకోండి. నాలుగూ ఒకే వెడల్పైతే 8,000 నుంచి 10,000 కి.మీ.కు ఒకసారి ముందువి వెనక్కూ వెనకవి ముందుకూ మార్చాలి.

బిగించే రోజు

టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2325 అంటే 2025లో 23వ వారం. ఎండలో ఏడాది పైన షాపు ముందు వేలాడిన టైరు కొత్తదైనా వద్దు.

జాక్ పెట్టే చోటు తప్పితే బ్యాటరీ పెట్టె నొక్కుకుంటుంది, ఆ రిపేరు ముందు టైర్ల ఖర్చు చిల్లరే. పుస్తకంలో చూపిన నాలుగు చోట్లే, రబ్బరు దిమ్మె పెట్టి ఎత్తమనండి. మూడు టన్నుల జాక్ అడగండి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ముందు స్క్రీన్‌లో జాక్ మోడ్ వేయాలి. బోల్టులు గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి. పుస్తకంలో ఉన్న న్యూటన్ మీటర్ల లెక్కకు టార్క్ రెంచితో, ఎదురెదురు వరుసలో బిగించాలి. 100 కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి. స్పాంజి ఉన్న టైరుకు పంక్చర్ వేస్తే ఆ చోట స్పాంజి కోసి, లోపలి నుంచి ప్యాచ్ వేసి, మళ్లీ అంటించాలి. బయటి నుంచి దారం కుక్కితే ఊరు చేరేదాకానే అనుకోండి.

గాలి దగ్గర జరిగే తప్పు ఇదీ. స్టిక్కర్‌లో 42 పీఎస్ఐ అని ఉంది, పొద్దున 25 డిగ్రీల్లో సరిగ్గా పట్టించారు. మధ్యాహ్నం హైవే మీద టైరు లోపల వేడి 60 డిగ్రీలకు చేరితే మీటరు 48 పైన చూపిస్తుంది. బంకులో కుర్రవాడు "ఎక్కువైంది సార్" అని 42కు దించుతాడు. మర్నాడు పొద్దున చల్లారాక అది 36. ఆ 36తో నిండు బండి మళ్లీ ఎండలో పరిగెత్తితే గోడ ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, పేలే టైర్లలో చాలా వాటి కథ ఇదే. వేడి టైరులో గాలి తీయకండి. సొంత కంప్రెసర్ ఎలాగూ బండిలోనే ఉంది, పొద్దున బయల్దేరకముందే చూసుకోండి. నైట్రోజన్ పట్టించినా ఈ లెక్క మారదు.

గీత లోతు 1.6 మి.మీ. దాకా చట్టం ఒప్పుకుంటుంది. ఈ బరువు బండికి 3 మి.మీ. దగ్గరే మార్చండి. అనంతపురంలో వాన తక్కువే, కానీ నెలల తరబడి పేరుకున్న దుమ్మూ నూనే తొలి వానకు జారుడు బంకలా మారేదీ అక్కడే.

తీసేసిన పెద్ద చక్రాలు అమ్మేయకండి, బండి అమ్మేరోజున కొనేవాళ్లు అడుగుతారు. టైరుతో సహా ఉంటే ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, ఎండ తగలని గదిలో, మోటారుకూ ఇన్వర్టర్ బ్యాటరీకీ దూరంగా ఉంచండి. రిమ్ము లేని టైర్లయితే నిలబెట్టి, నెలకోసారి కాస్త తిప్పండి.